సామాన్లు కట్టినవాళ్లకు ఐదు, కట్టించిన ఆఫీసుకు ఒకటి

‘మా సర్వీస్ నచ్చిందా? ఐదు స్టార్లు ఇవ్వండి’ అని ప్యాకర్స్ అండ్ మూవర్స్ కంపెనీ నుంచి మెసేజ్ మీద మెసేజ్ వస్తోంది. లింకు నొక్కితే ఐదు స్టార్లు, కింద రెండు మాటలు రాసుకునే గడి. రెండు మాటల్లో తేలే విషయం కాదిది. అసలు ఆ స్టార్లు ఎవరికివ్వాలి? మా గాజు గ్లాసులు ఒక్కొక్కటీ కాగితంలో చుట్టి పెట్టిన మనుషులకా, మాకు మాత్రమే అని చెప్పిన లారీలో సగం వేరేవాళ్ల సామాను వేసుకొచ్చిన ఆఫీసుకా? అందుకే ఇక్కడ విడివిడిగా రాస్తున్నాను. మా ఫిర్యాదు ఇంకా తేలలేదు కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. అయినా విశాఖలో మేం మాట్లాడినవాళ్లందరూ దాదాపు ఒకేలాంటి కాగితం మీద ఒకేలాంటి షరతులు రాసి ఇచ్చారు. పేరు లేకపోయినా ఇల్లు మారేవాళ్లకు ఇది పనికొస్తుంది.

మావారిది బ్యాంకు ఉద్యోగం. ఏప్రిల్‌లో పుణెకి బదిలీ ఆర్డరు వచ్చింది. మేం ఉన్నది ఎంవీపీ కాలనీలో, రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. మావారు, నేను, అబ్బాయి, అత్తయ్యగారు. అబ్బాయి స్కూలు తెరిచేలోపు, అంటే జూన్‌లో, అక్కడ దిగిపోవాలి. చాలా ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం కాబట్టి అటక నిండా సామానే. అందులో సగం ఏమిటో అత్తయ్యగారికి మాత్రమే తెలుసు.

ముందు ఫోన్ల సంగతి. ఇంటర్నెట్‌లో ఒకచోట నా నంబరిచ్చి, విశాఖ నుంచి పుణె అని కొట్టాను. టీ పొంగేలోపు ఫోన్లు మొదలయ్యాయి. హిందీలో ఒకరు, ఇంగ్లీషులో ఒకరు, ‘మేడమ్, మేం గాజువాక నుంచే’ అంటూ తెలుగులో ఒకరు. అందరూ అడిగేది ఒక్కటే: టూ బెడ్‌రూమా, త్రీ బెడ్‌రూమా? సామాను చూడకుండానే ఒకాయన ఇరవై ఏడు వేలన్నాడు, ఇంకొకాయన యాభై రెండు వేలన్నాడు. ఇరవై ఏడు వేలాయనకు మావారు ‘వెయ్యి కిలోమీటర్లు దాటిన దూరం, డీజిలుకైనా సరిపోతుందా’ అని అడిగితే, ‘మీరు బుక్ చేయండి సార్, మిగతాది మేం చూసుకుంటాం’ అన్నాడు. ఆ మిగతాది ఏమిటో తెలుసుకోవాలని మాకు అనిపించలేదు.

ఇంటికొచ్చి చూస్తామన్న వాళ్లనే పిలిచాం. ఒకాయన గుమ్మంలో నిలబడి హాలు మాత్రం చూసి రేటు చెప్పాడు. వంటింట్లో ఏముందో తొంగి కూడా చూడలేదు. మేం చివరికి ఒప్పుకున్న కంపెనీ నుంచి వచ్చిన అబ్బాయి మాత్రం సెల్‌ఫోన్ లైటు వేసుకుని అటక మీద చూశాడు, మంచాల కింద చూశాడు, ఫ్రిజ్ ఎన్ని లీటర్లదని అడిగాడు. ‘వాషింగ్ మెషీన్ ఫ్రంట్ లోడ్ కదా, ట్రాన్సిట్ బోల్టులు ఉన్నాయా మేడమ్?’ అన్నాడు. కొత్తగా కొన్నప్పుడు డ్రమ్ము కదలకుండా వెనకాల బిగించి వస్తాయి, మెకానిక్ వచ్చి తీసి మన చేతికిస్తాడు, అవి. అవి లేకుండా లారీలో వేస్తే దారి పొడవునా డ్రమ్ము ఊగి లోపలి స్ప్రింగులు పాడవుతాయి. ఇది అడిగినవాడు పని తెలిసినవాడని మావారు అక్కడికక్కడే తేల్చేశారు. అతను తెలిసినవాడే. కాకపోతే అతని పని రేటు రాసివ్వడంతో అయిపోతుంది, ఆ తర్వాత ఫోను ఎత్తేది వేరేవాళ్లు.

రేటు 41,000. దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే 48,380. ఇన్సూరెన్స్ కావాలంటే సామాను విలువ మనం చెప్పి దానిమీద 3 శాతం కట్టాలన్నారు. రెండు లక్షలని రాసి ఆరు వేలు కట్టాం. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చదవండి. ఈ ఇన్సూరెన్స్ అనే మాట వెనక చాలాసార్లు బీమా కంపెనీ ఉండదు, ‘రిస్క్ కవరేజ్’ పేరుతో ప్యాకర్లే డబ్బు తీసుకుంటారు. ఏదైనా విరిగితే ఇవ్వాల్సినవాడూ వాళ్లే, ఎందుకివ్వాలని అడిగేవాడూ వాళ్లే. బీమా కంపెనీ పేరుతో, మన పేరు, లారీ వివరాలు ఉన్న సర్టిఫికెట్ కావాలని నేను పట్టుబట్టాను. ‘వస్తుంది మేడమ్, సిస్టమ్ డౌన్’ అని చాలాసార్లు విన్నాక, సామాను ఎక్కించే ముందురోజు రాత్రి వాట్సాప్‌లో వచ్చింది. ఈ రోజు మా చేతిలో ఉన్నవాటిలో గట్టి కాగితం అదే.

బ్యాంకువాళ్లకు ఇంకో మాట. విజిటింగ్ కార్డు మీద ‘ఐబీఏ అప్రూవ్డ్’ అని అందరూ ఎర్ర అక్షరాలతో వేసుకుంటున్నారు. మావారి ఆఫీసులో బిల్లు పాస్ కావాలంటే అది నిజంగా ఉండాలి. ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ దగ్గర గుర్తింపు పొందిన ట్రాన్స్‌పోర్టర్ల జాబితా ఉంటుంది. మాకు కార్డులిచ్చినవాళ్ల పేర్లు పట్టుకుని వెతికితే కొందరివి అందులో లేనే లేవు. అడిగితే ‘మా పేరెంట్ కంపెనీకి ఉంది మేడమ్’ అని సమాధానం. మేం తీసుకున్నవాళ్లకు ఉంది. ఉన్నా ఏమైందో కింద చదువుతారు. ఆ గుర్తింపు మన బిల్లుకి పనికొస్తుంది, మన డైనింగ్ టేబుల్‌కి కాదు.

ఆర్డరు వచ్చింది ఏప్రిల్‌లో, లారీ మాట్లాడింది జూన్‌కి. ఈ రెంటికీ మధ్య మే నెల ఉందని మావారికి గుర్తు లేదు గానీ అత్తయ్యగారికి ఉంది. రైతు బజార్‌కి వెళ్లి కాయలు ఏరి, అక్కడే ముక్కలు కొట్టించి తెచ్చారు. ఊరు మారుతున్నాం, ఈ ఏడు కాస్త తక్కువ పెడదాం అత్తయ్యగారూ అంటే, ‘కొత్త ఊళ్లో మొదటి ఏడు, ఎక్కువే కావాలి’ అన్నారు. ఆవకాయ, బెల్లం ఆవకాయ, మాగాయ. ఒక పక్క హాలంతా అట్టపెట్టెలు, ఇంకో పక్క మేడ మీద మాగాయ ముక్కలు ఎండబెట్టడం, మబ్బు పట్టిందంటే పరుగెత్తి తీయడం. మావారికి టెన్షన్ ఎక్కువై ‘లారీ ముఖ్యమా, మాగాయ ముఖ్యమా’ అన్నారొక సాయంత్రం. ఎవరూ జవాబు చెప్పలేదు. రాత్రి భోజనంలో కొత్తావకాయ కలుపుకున్నాక ఆయనే ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఏది తీసుకెళ్లాలి, ఏది వదిలేయాలి అన్న గొడవ ప్రతి ఇంట్లో ఉండేదే. మా ఇంట్లో అది బీరువా దగ్గర ఆగింది. అత్తయ్యగారికి పుట్టింటివాళ్లు పెట్టిన బీరువా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా కిటికీ అద్దాలన్నీ పోయి వాన నేరుగా గదిలోకి కొట్టింది. ఈ బీరువా నీళ్లలో నిలబడి అడుగున తుప్పు పట్టింది. తర్వాత రెండుసార్లు రంగు వేయించాం, సముద్రగాలికి మళ్లీ పొక్కులు లేచాయి. పాత సామాన్లవాడు కొట్టి చూసి, కేజీల లెక్కన ఏదో చెప్పబోయాడు. అత్తయ్యగారు ‘నువ్వు పేపర్లు తూచుకో నాయనా’ అన్నారు. అంతే, బీరువా పుణెకి. రుబ్బురోలు మాత్రం ఇంటివారి ఆవిడకి ఇచ్చేశాం, తులసికోట కూడా. ఆవిడ రుబ్బురోలు తీసుకుని ఏం చేసుకుంటారో తెలియదు గానీ కాదనలేదు.

ఏసీ విప్పించడం ప్యాకర్ల పనిలో ఉండదు, విడిగా మెకానిక్‌ని పిలవాలి. మాకు వచ్చినతను ఏసీ నడుస్తుండగానే బయటి యూనిట్ దగ్గర ఒక వాల్వు మూసి, గ్యాసంతా ఆ యూనిట్‌లోకి లాగించి, రెండో వాల్వు మూసి, అప్పుడు పైపులు విప్పాడు. అలా చేయకుండా పైపులు కోసేస్తే గ్యాసు పోతుంది, అక్కడ మళ్లీ నింపించుకోవాలి. బయటి యూనిట్ రేకులు ఉప్పుగాలికి సగం పొడైపోయి ఉంటే చూపించి, ‘అక్కడ ఒక్క వేసవి నడుస్తుందండి, తర్వాత నన్ను తిట్టుకోకండి’ అన్నాడు. తీసుకున్న డబ్బుకి రెట్టింపు పని చేశాడు. ఈ మొత్తం వ్యవహారంలో చెప్పిన టైముకి వచ్చినవాడు కూడా అతనొక్కడే.

గ్యాస్ సంగతి తెలియనివాళ్ల కోసం: సిలిండరు లారీలో వేయనివ్వరు. ఏజెన్సీలో సిలిండరు, రెగ్యులేటరు అప్పగిస్తే టర్మినేషన్ వోచర్ ఇచ్చి, ఒకప్పుడు కట్టిన డిపాజిట్ తిరిగిస్తారు. ఆ కాగితం కొత్త ఊళ్లో చూపించి మళ్లీ డిపాజిట్ కట్టాలి. వచ్చేది పాత లెక్క, కట్టేది కొత్త లెక్క, కాబట్టి ఆ తిరిగొచ్చిన డబ్బు చూసి సంబరపడేదేమీ లేదు. మా ఏజెన్సీలో పని త్వరగానే అయింది. ఇబ్బంది ఏమిటంటే సిలిండరు ఇచ్చేశాక కూడా మనకి ఆకలేస్తుంది. ఇండక్షన్ స్టవ్ మీద అన్నం, కింద నుంచి ఇంటివారి ఆవిడ పంపిన పప్పు, కొత్తావకాయ. నిజం చెప్పాలంటే ఆ చివరి రోజుల భోజనాలు బాగున్నాయి.

స్కూటర్‌కి ప్యాకర్లు విడిగా ఏడు వేలన్నారు. మావారు దాన్ని విశాఖ రైల్వే స్టేషన్ పార్సిల్ ఆఫీసులో బుక్ చేసి వచ్చారు. ఆర్సీ కాపీ, ఆధార్ కాపీ, పెట్రోలు పూర్తిగా తీసేసిన బండి. గోనెపట్టా, గడ్డి పెట్టి కట్టేవాళ్లు అక్కడే దొరుకుతారు, వాళ్లకు విడిగా ఇచ్చుకోవాలి. బండి మీద పేరు, చేరాల్సిన స్టేషను పెద్ద అక్షరాలతో రాయించాలి. అన్నీ కలిపినా ప్యాకర్లు చెప్పినదానిలో సగం కూడా కాలేదు. బండి ఒక గీత కూడా పడకుండా చేరింది. ఏడాదికి మించి అక్కడే ఉంచేటట్టయితే రవాణా శాఖ నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న కాగితం) తీసుకుని అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి. అది ఇక్కడ ఉండగానే దరఖాస్తు పెట్టుకుంటే మంచిది.

ఇక ప్యాకింగ్ రోజు. నలుగురు వచ్చారు. ముగ్గురు కుర్రాళ్లు, వాళ్లకు మేస్త్రీలా ఒక పెద్దాయన. పాలకొండ దగ్గర ఊరట. చెప్పులు మెట్ల మీద విడిచి, ముందు ఇల్లంతా ఒకసారి తిరిగి చూసి, ‘వంటిల్లు నాకు ఒగ్గేయండమ్మా, మంచాలు అయ్యీ ఈళ్లు సూసుకుంటారు’ అన్నాడు. అత్తయ్యగారు అప్పటిదాకా వంటింటి గుమ్మంలో కాపలాగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆయన మొదటి పెట్టె కట్టడం చూశాక లేచి కుర్చీ తీసేశారు. ఆవిడ దగ్గర అంత తొందరగా మార్కులు పడినవాళ్లు మా చుట్టాల్లో కూడా లేరు.

ఆయన పింగాణీ ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టలేదు, పుస్తకాల అరలో పుస్తకాల్లా నిలబెట్టాడు. పడుకోబెడితే పైవాటి బరువంతా అడుగుదాని మీదే పడుతుందట. ప్రతి రెండింటి మధ్య కాగితం, పెట్టె అడుగున, మూలల్లో నలిపిన కాగితం ఉండలు. మూసే ముందు పెట్టెని రెండు చేతులతో ఊపి వినేవాడు. లోపల చప్పుడైందంటే మళ్లీ తెరిచి ఇంకాస్త కాగితం కుక్కేవాడు. పుస్తకాలన్నీ చిన్న పెట్టెల్లోనే. పెద్ద పెట్టె నిండా పుస్తకాలు వేస్తే దింపేవాడు ఎత్తలేక పడేస్తాడు, పైగా పెట్టె అడుగు ఊడుతుంది. మంచం విప్పిన బోల్టులు కవర్లో కట్టి అదే మంచం పలకకు టేపుతో అంటించాడు. పెట్టె మీద ఒక వైపు కాదు, రెండు వైపులా నంబరు వేశాడు, ఎలా పేర్చినా కనబడాలని. ఆ నంబర్లు, వాటిలో ఏమున్నాయో నేను నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోయాను.

వాషింగ్ మెషీన్ దగ్గరికొచ్చాక ట్రాన్సిట్ బోల్టుల కోసం వెతుకులాట మొదలైంది. కొన్నప్పటి నుంచి వాటిని చూసినవాళ్లు లేరు. అత్తయ్యగారు లోపలికెళ్లి ఒక హార్లిక్స్ సీసా తెచ్చి పేపరు మీద కుమ్మరించారు. తుప్పు మేకులు, గడియారం ముల్లు, ఎప్పటిదో గొళ్లెం, వాటి మధ్య బోల్టులు నాలుగూ ఉన్నాయి. పెద్దాయన చేతులు జోడించి ‘మామ్మగారూ, మీలాంటోళ్లు ఇంటికొకరుండాల’ అన్నాడు. ఆ సీసా పారేయమని నేను పెట్టిన పోరు సంగతి ఆవిడ ఆ రోజుకి ఎత్తలేదు, పుణె వెళ్లాక ఎత్తారు.

ఆవకాయ జాడీలది పెద్ద పంచాయితీ. నూనెలు, పచ్చళ్లు ఎక్కించబోమని కొటేషన్ కాగితం మీదే ఉంది. చుట్టి మధ్యలో పెట్టేద్దామని మావారు గొణిగితే పెద్దాయన ఒప్పుకోలేదు. ‘నూనె కారితే మీ పరుపులన్నీ ఎల్లిపోతాయి బాబూ’ అని, ఆవకాయ మీద తేలిన నూనె ఒంపి విడిగా సీసాల్లో పోయించాడు. ముక్కలు స్టీలు క్యారియర్లలో, మూతలున్న డబ్బాల్లో గట్టిగా అదిమి, మూత కింద ప్లాస్టిక్ కాగితం, పైన గుడ్డతో వాసెన కట్టించాడు. అవి మాతోపాటు కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు కింద వచ్చాయి. ఖాళీ జాడీలు పాత నేత చీరల్లో చుట్టి బియ్యం డ్రమ్ములో దింపాడు. ఒక్కటి కూడా బీటవలేదు.

మధ్యాహ్నానికి అట్టపెట్టెలు అయిపోయాయి. బిల్లులో వాటికి డబ్బు వేశారు, పంపినవి మాత్రం సగమే. పెద్దాయన ఆఫీసుకి ఫోను చేస్తే ‘ఉన్నవాటిలో సర్దు’ అన్నారు. ఆయన ఫోను పెట్టేసి ఒక కుర్రాణ్ణి కిరాణా కొట్లకు పంపి, బిస్కెట్ల పెట్టెలు, సబ్బుల పెట్టెలు అడిగి తెప్పించాడు. ఆ కుర్రాడు రెండు అంతస్తులు ఎక్కి దిగి తెచ్చినవాటికి కంపెనీ ఒక్క రూపాయి పెట్టలేదు. డైనింగ్ టేబుల్ అద్దానికి చెక్క చట్రం కావాలి, అదీ పంపలేదు. గొడౌన్‌లో కొట్టిస్తామన్నారు. ఈ ‘గొడౌన్‌లో’ అనే మాట వినగానే అనుమానం రావాలి. మావారు వెంటనే మెసేజ్ పెట్టి, చట్రం లేకుండా అద్దం కదలకూడదని రాశారు. దానికి బొటనవేలు ఎత్తిన బొమ్మ ఒకటి జవాబుగా వచ్చింది.

అన్నానికి అత్తయ్యగారు పులిహోర కలిపారు. కుర్రాళ్లు తిన్నారు, పెద్దాయన మజ్జిగ మాత్రం తాగాడు. మాటల్లో తెలిసిందేమిటంటే వాళ్లెవరూ ఆ కంపెనీ మనుషులు కారు. రోజుకూలీలు. ఇవాళ ఈ కంపెనీ, రేపు మద్దిలపాలెంలో ఇంకో కంపెనీ, ఎవరు పిలిస్తే వాళ్ల టీషర్టు వేసుకుంటారు. మేం ఇచ్చే స్టార్లు వాళ్ల దాకా చేరేవి కావు. ఆ కంపెనీ పేజీలో ఉన్న మంచి రివ్యూలన్నీ మళ్లీ చదివాను. ‘ప్యాకింగ్ సూపర్’, ‘అంకుల్ చాలా ఓపికగా చేశారు’. ఆ అంకుల్ పని చూసి ఇచ్చిన స్టార్లు పట్టుకుని ఆఫీసువాళ్లు నా లాంటివాళ్లకు రేటు చెబుతున్నారు. తిట్లున్న రివ్యూలు చూస్తే ఎక్కువ లారీ గురించి, దింపడం గురించి, ఫోన్ ఎత్తకపోవడం గురించి. కంపెనీని చూడాలంటే ఈ రెండో రకం చదవండి, కింద నుంచి పైకి.

లారీ పొద్దున్న రావాలి, సాయంత్రం వచ్చింది. పగలు పెద్ద బండ్లను ఊళ్లోకి రానివ్వరని చెప్పారు. ఆ సంగతి రేటు రాసేటప్పుడు తెలియదా? తలుపులు తీస్తే లోపల అప్పటికే ఎవరిదో సోఫా సెట్టు, బట్టల బేళ్లు. కొటేషన్‌లో ‘డెడికేటెడ్ వెహికల్’, అంటే బండి మాకు మాత్రమే, అని వాళ్ల చేత్తో రాసింది మా దగ్గరుంది. మావారు ఫోను చేస్తే ‘పార్ట్ లోడ్ అంటే ఇంతే సార్’ అన్నారు. మేం పార్ట్ లోడ్ అడగలేదంటే ‘సామాను చేరడం ముఖ్యం కదా సార్’ అన్నారు. ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. ఇంతలో వాన. డ్రైవరు ఒడిశా మనిషి, పాపం అతనికి చెప్పిందల్లా ఇక్కడ ఎక్కించుకోమని. మర్నాడు మాకు రైలు, ఇంటివారికి తాళాలు అప్పగించాలి. వెనక్కి పంపేస్తే ఇంకో బండి ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో. ఎక్కించమన్నాం.

ఎక్కించింది మాత్రం చూసి తీరాలి. ఆ సోఫాకీ మా సామానుకీ మధ్య బీరువాని అడ్డుగోడలా నిలబెట్టి, మా భాగమంతా టార్పాలిన్ కప్పి తాళ్లతో బిగించారు. చీకటి, వాన, రెండు అంతస్తుల మెట్లు. ఒక్క పెట్టె తడవనివ్వలేదు. అయ్యాక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, ‘మద్దెలో ఏడో దింపి మల్లీ ఎక్కిస్తారమ్మా. ఫోటోలు తీసుకోండి, నెంబరు ప్లేటుతో సహా’ అన్నాడు. తీశాను. చేతిలో పెట్టిన డబ్బు నలుగురికీ మా ముందే సమంగా పంచాడు.

మిగతాది క్లుప్తంగా. సామాను చెప్పిన గడువు దాటి వారం పైగా ఆలస్యంగా, వేరే లారీలో వచ్చింది. అన్ని రోజులూ పుణెలో చాపలు, ఇండక్షన్ స్టవ్, ఆవకాయ. దింపడానికి వచ్చినవాళ్లు మొదటి అంతస్తుకి విడిగా నాలుగు వేలు అడిగారు. కొటేషన్ చూపిస్తే రెండుకి దిగారు. మా అబ్బాయి నా నోట్‌బుక్ పట్టుకుని గుమ్మంలో నిలబడి నంబర్లు టిక్ పెట్టాడు. డైనింగ్ టేబుల్ అద్దం ముక్కలు. చట్రం జాడే లేదు. బీరువా తలుపు సొట్ట. దుప్పట్ల పెట్టె ఒకటి రానే లేదు. వంటింటి పెట్టెల్లో ఒక్క కప్పు చెవి కూడా విరగలేదు.

‘అన్నీ సరిగ్గా అందాయి’ అని ముందే అచ్చేసిన కాగితం మీద సంతకం అడుగుతారు. మావారు ఏవి విరిగాయో, ఏది రాలేదో ఆ కాగితం మీదే రాసి, దాన్ని ఫోటో తీసుకుని, అప్పుడు సంతకం పెట్టారు. బీమా కంపెనీకి మెయిల్ పంపాం. ప్యాకర్ల ఆఫీసు ‘ఓనర్స్ రిస్క్’, అంటే ఏం పోయినా సామాను సొంతదారుదే బాధ్యత, అంటూ కొటేషన్ వెనక ఉన్న చిన్న అక్షరాలు చూపించింది. వాళ్లు చూపించనిది ఇంకొకటుంది. రోడ్డు రవాణాకి 2007లో వచ్చిన క్యారేజ్ బై రోడ్ చట్టం ఉంది. దాని ప్రకారం నష్టం గురించి బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసివ్వాలి. ఎక్కువ విలువ చూపించి అందుకు తగ్గ ఛార్జీ కట్టకపోతే, రవాణాదారు బాధ్యత కిరాయికి పది రెట్లతో ఆగుతుంది. మా అద్దం, దుప్పట్లు, బీరువా తలుపు కలిపినా ఆ లెక్కకి చాలా దూరం. నోటీసు పంపించాం. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, తెలుగులోనే మాట్లాడారు.

ఇప్పుడు స్టార్లు. ప్యాకింగ్‌కి ఐదు. ఇంకా ఉంటే ఇంకా ఇచ్చేదాన్ని. రేటు రాసిన అబ్బాయికి నాలుగు, అన్నీ చూసి అడిగాడు కాబట్టి. లారీకి, ఆఫీసుకి కలిపి ఒకటి, అది కూడా ఆ సర్టిఫికెట్ ఇచ్చినందుకు. వాళ్ల పేజీలో సగటు తీస్తే మూడు పైన వస్తుంది, చూసేవాళ్లకు పర్వాలేదు అనిపిస్తుంది. అందుకే అక్కడ ఒకటే కొట్టి, పెద్దాయన పని గురించి కింది గడిలో పట్టినంత రాశాను.

విశాఖ నుంచి దూరం వెళ్లేవాళ్లు ఈ కంపెనీనే తీసుకోవాలా అని అడిగితే, ఊళ్లో ఊళ్లోనే ఇల్లు మారేవాళ్లు తీసుకోవచ్చంటాను. కట్టేది, ఎక్కించేది, దింపేది ఒకే మనుషులైతే భయం లేదు. రాష్ట్రం దాటేటట్టయితే లారీ నంబరు, అది మధ్యలో మారదన్న మాట, దింపే అంతస్తు, పెట్టెల సంఖ్య, అద్దానికి చట్రం, ఈ ఐదూ అడ్వాన్సు ఇవ్వకముందే కాగితం మీద రాయించుకోండి. రాయనన్నవాళ్లకు నమస్కారం పెట్టి పంపేయండి. మేం రాయించుకున్నా ఇలా జరిగింది నిజమే. కానీ ఆ రాత ఉండబట్టే ఇప్పుడు ఆఫీసువాళ్లు ఫోను ఎత్తుతున్నారు. క్లెయిమ్ సంగతి తేలగానే కంపెనీ పేరుతో సహా ఇక్కడే రాస్తాను.